బొక్క

మల్లేపల్లి చౌరస్తాల నాది పంచర్ షాపు.
ఇరవై రెండేండ్ల సంది టైర్లు ఇప్పుతున్న.
నా మాట నమ్ముమని అంటలేను.
నమ్ముడు తోనే నాకు పంచాది.

ముందుగాల నిమ్మకాయ.
కొత్త బండి కొంటరు, నాలుగు టైర్ల కింద నాలుగు పెడ్తరు,
రసం కారంగనే చెంపలేసుకుంటరు.
నేను చూసింది ఒక్కటే:
నిమ్మకాయ తొక్కిన టైరుకైనా తొక్కని టైరుకైనా
మొల ఒక్క తీరుగనే దిగుతది.

ఎదురుంగ అండాలక్క తోపుడుబండి.
ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు,
నల్ల దారానికి గుచ్చి ఇరవై రూపాయలు.
నకిరేకల్ మార్కెట్ల కాయ ధర పడ్డనాడు
"దిష్టి సుత తగ్గిందా అక్కా?" అన్న.
"దిష్టికి ధరేంది తమ్మీ, ధర నా బియ్యానికి" అన్నది.
ఆమె బండికి మాత్రం ఏదీ కట్టుకోదు.

లారీ మక్బూల్ పిల్లి అడ్డమొస్తే
నడి రోడ్డు మీద బ్రేకు కొట్టి మూడు మాట్ల ఉమ్ముతడు.
ఎనుకొచ్చే బస్సోనికి ఆ సంగతి తెల్వద్దా?
పిల్లి అవతలికి పోయి దాని ఎలుకను అది పట్టుకున్నది.
మనిషి అడ్డమొచ్చిండని
ఇంటికి మర్లిపోయిన పిల్లిని నేనైతే చూడలేదు.

తండా మలుపు కాడ దయ్యమున్నదంటరు.
టార్చి లైటు పట్టుకొని పోయి చూసిన.
కంకర, వంకర, బుగ్గ లేని స్తంభం.
ఇంక ఆ ముచ్చట సర్పంచును అడగాలె.

"ఈడికే గద" అని హెల్మెట్ ఇంట్ల పెట్టి పోతరు.
దగ్గరి దారిల సావు ఉండదని ఎవలు చెప్పిన్రో.

పాము పగ పడ్తదట, పన్నెండేండ్లు యాది పెట్టుకుంటదట.
పోయిన దసరకు రెండు టైర్లు ఉద్దెర తీస్కపోయిన
బుగ్గరాములుకు నా మొఖమే యాది లేదు.

చేపలు తిని పెరుగు తింటే బొల్లి వస్తదంటరు.
డిండి చేపల పులుసు మీద చెంబెడు సల్ల తాగిన,
ఒక్కసారి కాదు.
తోలు నల్లగనే ఉన్నది, మా అవ్వ ఇచ్చినట్టే.

ఇంట్ల బంగారముంటే ధైర్యమంటరు.
మాది ఐదేండ్ల సంది సేటు కాడున్నది.
ధైర్యం ఆయనకే వచ్చినట్టున్నది.

శనివారం ఇనుము కొనొద్దంటరు, శనివారమే పానా ఇరుగుతది.
కొంట.
బోణి నోటును మాత్రం కండ్లకద్దుకుంట.
ఎందుకంటే చెప్పరాదు. చెయ్యి దానంతట అదే లేస్తది.

గిన్ని నమ్మనోణ్ణి, ఒక్కటి నమ్మిన.
మా ఊరి బోరు నీళ్లు సల్లగ, తియ్యగ, అద్దమోలె ఉంటుండె.
అద్దమోలె ఉంటే మంచియే గద అనుకున్న.
మా అన్న మైసయ్యకు పండ్లు పచ్చవడ్డయి, నడుం వంగింది,
ముప్పై ఏండ్లకు మెడ తిప్పలేకపాయె.
చేతబడి అన్నది మా అవ్వ. తాయెత్తు కట్టిచ్చింది.
నేను నవ్విన.
"కంటికి కనబడంది ఏదీ ఉండదే అవ్వా" అని
అదే బోరు కాడ బిందె నింపి
అన్నకు ముంతెడు నీళ్లిచ్చిన.

కంటికి కనబడంది ఉండె.
అవ్వ చెప్పిన కాడ లేదు,
నేను లేదన్న కాడ ఉండె.

ఇప్పుడు నల్లా వచ్చింది. అన్న నడుం లేవలేదు.
షాపు తొట్టిల మాత్రం ఇంక ఆ బోరు నీళ్లే.
ట్యూబుకు గాలి కొట్టి ముంచుత, తిప్పుత,
బుడబుడ బుడగలొస్తయి.
ఈడున్నదని ఏలు పెట్టి చూపిస్త, గిరాకీ నమ్ముతడు.
ట్యూబుల బొక్క ఏడున్నా చూపిస్తయి గని
మా అన్న బొక్కలల్ల ఏం చేసినయో
ఒక్క బుడగన్న రాలేదు.

గా తెల్ల కారుది ఎనుక టైరు.
ముంగట నిమ్మకాయ ఇంక పచ్చిగనే ఉన్నది.
జాకీ ఎత్తాలె, జర జరుగు.