ఎట్ల వడ్డది?

శుక్రవారం, తెల్లారి అయిదున్నర. షార్జా, సజా.
ట్రెయిలర్లు ఆపే ఇసుక జాగల
నూనె మరక లేని చోటు ఎతికి
పెయింటు డబ్బ ఒకటి బోర్లిచ్చి దాన్నే వికెట్లన్నం.

లెక్క రాసేది నేను.
స్టోరు రిజిస్టరు ఎనక పేజీలు నాయి.
ఎడమదిక్కు మేము, పరంజి క్యాంపు.
కుడిదిక్కు సడక్ అవతలి ఏసీ డక్టులోళ్లు.
బ్యాటు ఎవడైన ఊపుతడు.
నేను తూకమేసేది బంతి ఏసేటోళ్లను.

వాళ్లకు గుల్ జమీన్ ఉన్నడు, స్వాత్ మనిషి.
ట్రెయిలర్ నీడలకెళ్లి ఉరుకుడు మొదలువెడితె
ముందుగాల దుమ్ము వస్తది, ఆ తర్వాత బంతి.
టేపు చుట్టిన టెన్నిస్ బంతి
వాని చేతుల కంకర రాయి.
జోడీగ బరిశాల్ షఫీకుల్:
పొద్దంత రేకు వంచిన చెయ్యి,
శుక్రవారం గాలిని వంచుతది.
మూడోవాడు కొల్లం సాజన్. పొడుగు మనిషి,
మాట తక్కువ, వైడ్లు ఎక్కువ.

మాకు వేగం లేదు, ఒప్పుకోవాలె.
పైపులు అందిచ్చి అందిచ్చి
గంగనర్సు కుడిభుజం ఇంచు కిందికి దిగింది.
అందుకే ఆయన బంతి లేవది,
జెర్రి లెక్క నేలవట్టి వస్తది.
టేక్ బహదూర్ రెండు ఓవర్లు నిప్పులు.
మూడోదాన్ల రాత్రి డ్యూటీ కండ్లల్లకొస్తది.

ఇగ పోశెట్టి.
పోశెట్టికి ఉరుకుడే లేదు. నాలుగడుగులు,
అవి గూడ మెస్సు లైన్ల జరిగినట్టు.
కాని ఆ వేళ్లు!
చిన్నప్పుడు వాళ్లమ్మ పక్కన గూసోని
బీడీలకు దారం చుట్టిన వేళ్లు,
తర్వాత పన్నెండేండ్లు సలాకలకు తీగ మెలేసిన వేళ్లు.
బంతి పడ్డంక ఒక్క గడియ ఆలోచన జేసి
అప్పుడు తిరుగుతది.
డబ్బ ఎనక కూసోని పట్టేది నేనే, మూడేండ్లు.
చిటికెనవేలు కదిలితె లోపలికి, లేకుంటె బయటికి.
ఈ ముచ్చట మా ఇద్దరికే ఎరుక.
బంతి బంతికి అడుగుతడు నన్ను:
'ఎట్ల వడ్డది?'
'మంచిగనే వడ్డది' అంట.
ఓవరు అయినంక పోయి
నీళ్ల క్యాను కింది రిజిస్టరు తీసి రాస్త.

కాగితం మీద వాళ్లదే పైచెయ్యి.
కాగితాల సంగతి మాకు తెల్వదా?
కాగితంల జీతమొకటి, చేతులవడేదొకటి.
పదకొండు శుక్రవారాలల్ల వాళ్లయి అయిదు, మాయి అయిదు,
ఒకటి దుమ్ముగాలి మింగింది.
పోశెట్టే మా సమానం.

రంజాను ఎల్లిన వారం
మెస్సు తలుపుకు కాగితం అతికిచ్చిండ్రు. నలభై పేర్లు.
పరంజి పని ఒడిసింది, డక్టుల పనికి మనుషులు గావాలె.
పదిహేడో పేరు తోకల పోశెట్టి.
సాయంత్రం సూట్‌కేసు నెత్తిన వెట్టి,
బియ్యం కుక్కరు చంకల వెట్టి
సడక్ దాటిండు. ఇరువై అంగలు గూడ లేవు.
పోయెటప్పుడు నా చెప్పులేసుకొనే పోయిండు, మరిచిపోయి.

ఎడమదిక్కు పేరు కొట్టేసిన.
కుడిదిక్కు రాసిన.
బాల్ పెన్ను కదా,
కొట్టేసినంక గూడ చదవొస్తుంది.

మొన్న శుక్రవారం మాకు పదకొండు పరుగులు గావాలె.
బ్యాటు నా చేతుల.
గుల్ జమీన్ అయిపోయిండు, షఫీకుల్ అయిపోయిండు.
బంతి పోశెట్టి చేతికిచ్చిండ్రు.
వాడు నా మొకం దిక్కు సూడలే.
నా చెప్పులతోనే నాలుగడుగులేసిండు.

చిటికెనవేలు కదిలింది.
సూసిన.
లోపలికి వస్తదని ఆ మైదానంల
నాకొక్కనికే ఎరుక.
మరి బ్యాటు ఎందుకు బయటికి వోయిందో
ఇప్పటిదాక నాకు తెల్వది.

డబ్బ మోగింది. ఎండిన పెయింటు పెచ్చులు లేచినయి.
అవతలోళ్లు వాన్ని ఎత్తుకుంటున్నరు,
భుజాల మీదికెళ్లి వాడు, అలవాటున,
నా దిక్కు తిరిగి అడిగిండు:

'ఎట్ల వడ్డది?'