దంత్య చకారం

పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు.
నాకు రాయి కూడా అక్కర్లేకపోయింది.
పక్క ఫ్లాటు మంగైయర్కరసి గారు
గోకులాష్టమికి పంపిన సీడై సరిపోయింది.

పై వరసలో ముందు పన్ను, ఎడమది.
పదకొండో ఏట సైకిలు మీంచి పడ్డప్పుడే చచ్చిపోయి
ముప్పయ్యారేళ్లు బతికున్నట్టే నిలబడింది.
కాస్త బూడిదరంగు తప్ప
ఎవరికీ అనుమానం రానివ్వలేదు.

సాలిగ్రామంలో డబ్బింగ్ చెబుతాను నేను.
నా మొహం ఏ పోస్టరు మీదా ఉండదు.
ఎల్లుండి తొమ్మిదికి కాల్షీటు,
సీరియల్లో కోడలు మొదటిసారి ఎదురుతిరిగే సీను.
అద్దం ముందు ఆ డైలాగు అని చూశాను:
"ఇంక చాలు."
సాలు, అంది సందు.
మళ్లీ అన్నాను. ఈల వేసింది.

బళ్లో అలివేలమ్మ టీచరు చెప్పేది,
చిలకలో చ వేరు, చలిలో చ వేరు,
అది అంగిలిది, ఇది పళ్లది అని.
అప్పుడు వెనక బెంచీలో నవ్వుకున్నాం.
ఇప్పుడు నా చిలకలన్నీ క్షేమం.
చలి, చాప, చుట్టం, చాలు,
ఇవే పోయాయి.

వడపళని డిపో వెనక, జిరాక్స్ షాపు మీద క్లినిక్కు.
డాక్టర్ తేన్‌మొళి, పేరుకి తగ్గ గొంతు.
వేరు నిలువునా చీలిందట. ఎముక మాత్రం గట్టిదట.
తీసేసి అదే గుంటలో ఇవాళే ఇంప్లాంట్ దించేద్దాం,
సాయంత్రానికి తాత్కాలికం పన్నుతో వెళ్లిపోవచ్చు అని
తమిళంలో చెప్పి,
"ముందు పన్ను కదా, మొహం కదా" అని ఓదార్చింది.
మొహం కోసం కాదమ్మా, చకారం కోసం అన్నాను.
ఆమెకి అర్థం కాలేదు.
వాళ్ల భాషలో ఆ చ లేదు పాపం.

మొద్దుబారిన పెదవి వెనక
ఏదో మెల్లగా తిరిగింది,
మేకు కొట్టినట్టు కాదు, సీసాకి మూత పెట్టినట్టు.
తర్వాత రంగుల పలక తెచ్చి
నా పళ్ల పక్కన పెట్టి చూసింది.
ఇంకాస్త తెల్లటిది?
వద్దు. పక్కవాటి మీద ఇన్నేళ్ల ఫిల్టర్ కాఫీ ఉంది,
వాటి రంగే ఇవ్వండి.
ఇంకొకరి చోట నిలబడి
పెదవులకి సరిపోవడం
నాకు తెలిసిన పనే.

పాత పన్ను దూదిలో చుట్టి ఇచ్చారు.
ఇంటిమీదికి విసురుదామంటే
మాది మూడో అంతస్తు, పైన ఇంకో రెండున్నాయి.
పర్సులోనే ఉంది.

దాంతోపాటు ఒక కాగితం.
నాలుగు నెలలు దీంతో ఏదీ కొరకవద్దు.
కింది పంటికి తగలనివ్వవద్దు.
పళ్లు బిగించవద్దు.

బిగించవద్దా?
ఇంతకాలం నేను బతికిందే పంటి బిగువున.
ఒక్క రాత్రిలో పదహారు ఏడుపు సీన్లు చెప్పి
ఆటోకి చిల్లర లేక నడిచొచ్చిన రోజులు,
నలభయ్యొక్క ఎపిసోడ్ల బాకీ,
"వచ్చే వారం అక్కా" అనే దక్షిణామూర్తి,
అన్నీ ఆ చచ్చిన పన్నే మోసింది.

ఎల్లుండి వాపుతోనే మైకు ముందు నిలబడ్డాను.
తెరమీద కోడలి పెదవి కదిలింది.
కాస్త మందంగా ఉంది కానీ
పళ్లలోంచే వచ్చింది చ.
ఒకే టేకు.

బయట మెట్ల దగ్గర దక్షిణామూర్తి.
"వచ్చే వారం చూద్దామక్కా."
అలవాటుగా దవడ బిగుసుకోబోయింది.
కాగితం గుర్తొచ్చింది.
ఇక నోరు తెరవక తప్పలేదు.

రెండు చెక్కులిచ్చాడు. ఒకటి బౌన్సయింది.
రెండోది పన్ను ఖర్చులో సగానికి వచ్చింది.

నాలుగు నెలలకి అసలుది బిగించి
"ఇంక జామకాయ కొరకవచ్చు" అంది తేన్‌మొళి.
డిపో దగ్గర బండి మీద ఒకటి కొన్నాను,
ఉప్పూకారం అద్దించి.
నోటిదాకా తెచ్చాక కూడా
చెయ్యి పక్క పళ్ల వైపే పోతోంది.
బండివాడు చూస్తున్నాడు,
కాయ బాగాలేదనుకున్నాడేమో,
ఇంకోటి తీసి చేతిలో పెట్టాడు.