సీసాలో మబ్బు

రాత్రి రెండున్నరకి వచ్చింది సీసా,
ఇంకా గోరువెచ్చగా.
అంటించిన కాగితం మీద తడిచేతి రాత:
ఆతుపెలె ఎంసోసా, పంతొమ్మిదేళ్ళు,
ఉమ్మనీరు పోయి రెండు రోజులు,
నొప్పులు సాగుతున్నాయి. వణుకు.

నేను ఆమెని చూడలేదు.
మంగోచి ఆసుపత్రిలో నేనెవరినీ చూడను.
పురుళ్ళ గది వరండాకి ఆ చివర, నేను ఈ చివర.
మధ్యలో దోమలు, కునికే బంధువులు,
ఎవరో సగం తిని వదిలిన మొక్కజొన్న ముద్ద.
మనుషులు నాదాకా రారు.
వాళ్ళ నెత్తురు వస్తుంది, రెండు చెంచాలంత.

నా పెట్టెలో ఎప్పుడూ ముప్పై ఏడు డిగ్రీలు.
ఒంట్లో బాగున్నవాళ్ళ వేడి అది.
సీసాని అందులో పడుకోబెట్టి తలుపు వేస్తాను.
నిజం చెప్పాలంటే నాదీ మంత్రసాని పనే:
ఆమెని చంపడానికి వచ్చినదాన్ని
కడుపులో పెట్టుకుని, మేపి, పెంచి,
పేరు పెట్టడం.

నాలుగింటికి కరెంటు పోయింది.
జనరేటర్లో డీజిల్ ఉందో లేదో
వాచ్‌మన్‌కే తెలుసు, అతను నిద్రలో ఉన్నాడు.
పెట్టె చుట్టూ నా స్వెటరు చుట్టాను,
ఎవరి పిల్లకో చలేస్తుందన్నట్టు.

పోయిన నెల ఒక సీసా.
సరస్సు అవతల నుంచి పడవలో,
ఆపైన సైకిల్ వెనక కట్టి తెచ్చారు ఆమెని.
పద్దెనిమిది గంటలకి మబ్బు పట్టింది సీసా.
పరుగెత్తాను వరండా ఆ చివరిదాకా.
మంచం మీద పరుపు నిలబెట్టి ఉంది, ఆరడానికి.
అయినా వెనక్కొచ్చి రిజిస్టర్లో రాశాను,
పేరు, తేదీ, పురుగు.
అక్షరాలు ఒత్తి రాశాను, ఎందుకో.

ఈసారి పొద్దు వాలేసరికి
ముందు అడుగున ఒక దూదిపోగు,
తర్వాత గంజిలా కలక.
గాజుపలక మీద ఒక బొట్టు, రంగు వేసి, కడిగి,
కన్ను ఆనించి చూస్తే
పూసలు.
గొలుసులు గొలుసులుగా ఊదా పూసలు,
తెగి, మెలికపడి,
ఇక్కడి ఆడపిల్లల నడుముకి
అమ్మమ్మలు గుచ్చి కట్టేలాంటివి.
అందంగా ఉన్నాయి.
సిగ్గుపడుతూనే ఇంకాసేపు చూశాను.

ఫోను చేశాను. ఎత్తలేదు.
ఈసారి పరుగెత్తలేదు. నడిచాను,
ఆ పరుపు ఎలా ఉందో
ఎంత ఆలస్యంగా తెలిస్తే అంత మంచిదని.

ఎనెలెసి సిస్టర్ చేతులు తుడుచుకుంటోంది.
"నీ సీసా నింపిన చేత్తోనే
సూదిమందు వేసేశానుగా రాత్రి.
థర్మామీటరు పగిలి వారమైంది.
చేతి వెనకవైపు ఇలా ఆనించాను, తొడ మీద.
పొయ్యి మీంచి దించిన కుండలా ఉంది పిల్ల.
నువ్వు పూసలు లెక్కపెట్టేదాకా ఆగుతుందా అది?"
కోపం కాదు.
ముప్పై గంటలుగా నిలబడి ఉన్న గొంతు.

"నువ్వు పట్టుకున్నదానికి ఆ మందు సరిపోతుందా?"
సరిపోతుంది.
"అయితే ఆ ఒక్క మాటా పెద్దగా చెప్పు,
ఆ ముసలమ్మకి వినపడేట్టు."

బిడ్డ సంగతి అడగాలనుకున్నాను.
మూలన బుట్టలో ఏదో తుమ్మింది.
ఆతుపెలె కళ్ళు తెరవలేదు.
పెదాలు పగిలి, నుదుటి మీద తడిగుడ్డ.
జ్వరం దిగలేదు, దిగుతోందేమో అన్నారు, అంతే.
గోడ వారన అమ్మమ్మ
నొప్పుల్లో తెగిన నడుము పూసల్ని
ఒక్కొక్కటే ఏరి
కొత్త దారానికి ఎక్కిస్తోంది.
నా మాట విన్నదో లేదో, తల ఎత్తలేదు.

తిరిగొచ్చి సీసాని ఆవిరి డబ్బాలో ఉడకబెట్టాను.
రిజిస్టర్లో "ఎలా తెలిసింది" అనే గడి లేదు.
ఉంటే రాసేవాణ్ణి,
మొదట చేతి వెనకవైపు,
చాలాసేపటి తర్వాత నేను.