పంపు చూడ్డానికొచ్చాను

బ్రోకెన్ హిల్ దాటాక నూట పది కిలోమీటర్లు
ఒక్క మలుపు లేదు.
డిసెంబరు ఇరవై మూడు. రోళ్లు పగిలే ఎండ.
బండి అద్దం మీద ఎవరో అంటించిన దూది మంచు
జిగురు కరిగి, జారి
వైపరు కింద ఇరుక్కుంది.

ముప్ఫై ఏళ్లు సీసం రాయి మోసిన చేతులు నావి.
చర్చి హాల్లో పొట్లాలు కడుతుంటే
నా ముళ్లు చూసి డల్సీ నవ్వింది:
"ట్రెగెంజా, అది బొమ్మయ్యా, డైనమైట్ కాదు."

ప్రతి పొట్లానికీ ఓ చీటీ. పేర్లుండవు.
బాబు, తొమ్మిదేళ్లు, బూటు సైజు రెండు.
కావలసింది:
ఆ గీత మీద పెన్సిలుతో రాసి, చెరిపి,
మళ్లీ రాసి, మళ్లీ చెరిపి.
వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే
మొదటి మాట ట్రాక్టర్.
రెండోది ఎంతకీ చదవలేకపోయాం.
డల్సీ ఎర్ర బొమ్మ ట్రాక్టర్ కొంది.

చీటీ వెనక తల్లి రాత:
మీరు పిల్లాడికి కనబడొద్దు.
షెడ్డులో మేత బస్తాల వెనక పెట్టి వెళ్లండి.

నిజం చెబుతున్నా, కోపమొచ్చింది.
ఇంత డీజిలు తగలేసుకుని పోయి
ఒక్క నవ్వైనా చూడకుండా తిరిగి రావాలా?
"ఆ నవ్వు వాళ్లమ్మది" అని
డల్సీ చీటీ మడిచి నా జేబులో కుక్కింది.

గేటు బయటే బండి ఆపి నడిచాను.
మూడేళ్లుగా చినుకెరగని నేల
బూటు కింద అప్పడంలా విరిగింది.
ఉన్న ఒక్క నీడలో
ఐదారు గొర్రెలు, ఒకదాని మీద ఒకటి తల వాల్చి.

మేత బస్తాలు రెండే.
రెండు బస్తాల వెనక ఏం దాగుతుంది?
నేను వంగి అవస్థ పడుతుంటే
వెనక నుంచి, సన్నగా, గట్టిగా:
"ఇంకేం లేదు ఇక్కడ."

చేతిలో పానా పట్టుకుని నిలబడ్డాడు.
"ట్రాక్టర్ మీవాళ్లు పోయిన నెలే పట్టుకుపోయారు.
వెల్డింగ్ మిషను కూడా.
గొర్రెలు అమ్మ పేరు మీదున్నాయి.
కుక్క నాది."

అరవై ఎనిమిదేళ్లలో
నన్నెవరూ బ్యాంకువాడనుకోలేదు.
నా వీపు వెనక, రేకు సందులోంచి పడ్డ ఎండకి
వెండి కాగితం తళతళమంటోంది.
"పంపు" అన్నాను. "పంపు చూడ్డానికొచ్చాను."
నన్నూ నా బూట్లనీ చూశాడు.
"ఎవరు పిలిచారు?"
"మీ అమ్మ."
అదొక్కటీ అబద్ధం కాదు.
"అయితే రా."

వెళ్లక చస్తానా!
మూడు గంటలు పట్టింది.
వాల్వు నిండా ఎర్రమన్ను, తోలు వాషరు అరిగి పీలికలు.
నా బూటు నాలిక కోసి కొత్తది చేశాను.
అడక్కుండానే వాడు పనిముట్లందించాడు,
ఏది ఎప్పుడు కావాలో నాకంటే ముందే తెలిసినట్టు.
ఒక్కసారి మాత్రం అడిగాడు:
"బ్యాంకువాళ్లకి ఈ పని వచ్చా?"
"రాదు."
"అనుకున్నా" అని కుక్క చెవి గోకాడు.

గొట్టం ముందు దగ్గింది,
తుప్పు కక్కింది,
ఆఖరికి టీ రంగులో ఓ ధార.
వాడేం నవ్వలేదు.
దోసిలి పట్టి మొదట కుక్కకి తాగించాడు.

వంటింటి కిటికీ తెర జానెడు పక్కకి జరిగి
మళ్లీ సర్దుకుంది.

గేటు దాకా వచ్చి "ఎంతయింది?" అన్నాడు.
వద్దంటే దొరికిపోతాను.
"రెండు డాలర్లు."
లోపలికి పరిగెత్తి, చాలాసేపటికి వచ్చి
చిల్లరంతా నా అరచేతిలో లెక్కపెట్టాడు.
రసీదు కావాలన్నాడు. రాసిచ్చాను.

దారంతా ఒక బూటు వదులుగా టపటపలాడింది.
వాళ్ల దగ్గర్నుంచి ఎత్తుకుపోయినదానికి బదులు
అరచేతిలో పట్టేది పెట్టొచ్చామే,
విప్పి చూసి ఏమంటాడో!
నాకెవరూ చెప్పరు. అడిగే హక్కూ లేదు.
బస్తాల వెనకది వాళ్లమ్మ కొన్నది.

హాల్లో చిల్లర బల్ల మీద పోశాను.
డల్సీ కళ్లజోడు సవరించుకుని
విరాళాల పుస్తకం తెరిచింది.
"ఏ పద్దు కింద రాయను?"
"పంపు" అన్నాను.