డొల్ల చప్పుడు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
రెండు సీజన్లు డబ్బాలు తట్టాను.
చిత్తూరు దాటాక, రేకుల షెడ్డు,
తోతాపురి వాసన జడల్లోకి ఇంకే జూన్ నెల.
చేతిలో జానెడు ఇనప కడ్డీ.
మూత మీద ఒక్క దెబ్బ.
గట్టి డబ్బా ఖంగుమంటుంది.
గాలి దూరింది మాత్రం
కడుపునొప్పి దాచుకున్న పిల్లాడిలా
డొబ్బుమని ఊరుకుంటుంది.

"కంటితో కాదు పాపా, చెవితో చూడు"
అనేది చెంగమ్మక్క.
ఆమెకు అక్షరం రాదు.
ఆమె పక్కకు తోసిన డబ్బాని
సూపర్‌వైజరు కూడా తిరిగి వరసలో పెట్టేవాడు కాదు.

ఎంసీఏ అయ్యాక తిరుపతి, రేణిగుంట రోడ్డు,
రెండో అంతస్తు. కింద టైర్ల షాపు.
"కోడింగ్ రాదా? అయితే టెస్టింగులో కూర్చో" అన్నారు,
సీటు దొరకనోళ్ళకి
ఇంజను పక్కన బానెట్ చూపించినట్టు.
కూర్చున్నా.
పదకొండేళ్ళు.
లేవబుద్ధి కాలేదు.

వయసు గడిలో సున్నా కొడతాను.
ఆత్రగాడిలా ఒకే బటన్ని ఏడుసార్లు నొక్కుతాను.
డబ్బు కట్టే క్షణాన నెట్టు పీకేస్తాను.
భాకరాపేట ఘాట్‌లో సిగ్నల్ పోయిన మనిషి
ఎవరో ఒకరుంటారు గదా తెర అవతల.

మొన్న ఆసుపత్రి యాప్.
ఇంటిపేరు రెండక్షరాలకి తగ్గితే ఒప్పుకోదు.
"ఒక్కక్షరం ఇంటిపేరు ఎవరికుంటాదండీ?"
నవ్వాడు శశాంక్,
ఇంటిపేరే ఆరక్షరాలున్న అమలాపురం కుర్రాడు.
నేను టైపు చేశాను: ఎం. చెంగమ్మ.
ఎం అంటే మునెయ్య, వాళ్ళ నాయన.
అరవదేశం అంచున మా పల్లెల్లో
చాలామందికి అంతే ఇంటిపేరు.
ఎర్రగీత పడింది.
ఓపీ చీటీ దొరక్క
తెర ముందే నిలబడిపోయింది చెంగమ్మక్క.
శశాంక్ నవ్వు ఆపి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

అన్నీ దొరికాయని చెప్పను.
ఓ ఏడాది పింఛన్ల లెక్కలో
ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పుట్టిన ముసలాయన
నా చెవికి చిక్కకుండా జారిపోయాడు.
మూడు నెలలు ఆయన బతికిలేడు, మా లెక్కల్లో.
ఆ చప్పుడు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

రాత్రి పది. మెట్లు దిగితే
టైర్ల షాపు పిల్లోడు
లారీ చక్రాన్ని కడ్డీతో కొట్టి వింటున్నాడు.
ఆగి నేనూ విన్నా.
వాడు తలూపలేదు.
నేనూ ఊపలేదు.
"ఇంకోసారి కొట్టబ్బా" అన్నా.