కుడి తలుపు లోపలి వైపు

హుయ్‌బ్రెక్ట్ పశువుల కొట్టంలో
కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న బండిని
రెండు వేల యూరోలిచ్చి కొన్నాను.
కోళ్లను ఖాళీ చేయించడానికి ఇంకో వారం.

నలభై మూడు నాటి డాడ్జ్ అంబులెన్స్.
అడుగు రేకు జల్లెడ.
బ్రేకు డ్రమ్ముల్లో గడ్డి, ఎలుక పిల్లల ఎముకలు.
స్టీరింగు మాత్రం, ఎవరో నిన్ననే దిగి వెళ్లినట్టు,
చేతులు పట్టే చోట నున్నగా అరిగి ఉంది.

"ఎవరి పిచ్చి వాళ్లకానందం" అన్నాడు మా ఆయన,
వంటింటి బల్ల మీంచి కార్బురేటర్ని
రెండు వేళ్లతో ఎత్తి పక్కన పెడుతూ.

ఏడు చలికాలాలు.
జీలండ్ సముద్రపు గాలికి షెడ్డు తలుపు కొట్టుకుంటూనే ఉండేది.
ఒక్కో బోల్టుకీ నూనె పోసి రాత్రంతా నాననిచ్చేదాన్ని.
తెల్లారి పానా వేస్తే ఉలకదు, పలకదు.
మంట పెట్టి, బతిమాలి, తిట్టి,
మళ్లీ నూనె పోసి,
ఎప్పుడో ఒకటి కిర్రుమని కదిలితే
జిడ్డు చేతులతోనే ఇంట్లోకి పరిగెత్తి చెప్పేదాన్ని.
దాని తుప్పు నేను వదిలించానో
నా తుప్పు అది వదిలించిందో!
ముప్పై ఏళ్లు కాలువ గేట్లు ఎత్తి దించిన భుజాలివి,
పింఛను మొదలయ్యాక బిగుసుకుపోతున్నవి.

అయిదో చలికాలం వెనక తలుపు గీకుతున్నాను,
కుడిది, లోపలి వైపు.
పైన తెలుపు: హుయ్‌బ్రెక్ట్ తండ్రి పాల క్యాన్ల కాలం.
కింద మీగడ రంగు.
మీగడ మీద నీలి అక్షరాలు, ఎక్కడా వంకర లేకుండా:
తెల్ల రొట్టె ఇంత. రై రొట్టె ఇంత.
ఎండుద్రాక్ష రొట్టె, శనివారం మాత్రమే.

టార్చి పట్టుకుని లోపలికి దూరాను.
స్ట్రెచర్లు తగిలించిన కొక్కేలకే
రొట్టె పళ్లేల చట్రం బిగించారు.
అవే రంధ్రాలు. కొత్తది ఒక్కటీ వేయలేదు.

"ఒరిజినల్ అంటే నలభై నాలుగు, మాఖ్టెల్డ్.
తర్వాతదంతా మురికి" అన్నాడు క్లబ్బు పెద్ద ఎవర్ట్.
మంచివాడు. గేర్‌బాక్సు ఊరికే ఇచ్చాడు.
నేను లెక్కేశాను:
సైన్యంలో రెండేళ్లు, రొట్టెలకి పంతొమ్మిది,
పాలకి పదో పన్నెండో,
మిగతాదంతా కోళ్లది.

బయటంతా సైన్యం పచ్చ వేశాను. నక్షత్రం వేశాను.
ఎర్ర శిలువకి స్కేలు పెట్టి గీతలు గీశాను.
ఆ తలుపు దగ్గరికొచ్చేసరికి
బ్రష్షు పట్టుకుని నించుండిపోయాను,
డబ్బాలో రంగు మీద తొక్క కట్టేదాకా.

విమోచన దినం ఊరేగింపు.
ముప్పై జీపులు, బాకాలు,
బురదంటని బూట్లలో సైనికుల వేషం కట్టిన కుర్రాళ్లు.
పీటర్‌నెల్లా, తొంభయ్యో పడి, చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి
నక్షత్రం దాటింది, శిలువ దాటింది,
తెరిచిన తలుపు ముందు ఆగి
ధరలన్నీ పైకి చదివింది, బళ్లో పిల్లలా.

"శనివారం మాత్రమే" అంది.
"మా దగ్గర శనివారానికి డబ్బుండేది కాదు.
అతను ఆదివారం వచ్చేవాడు, ఖాళీ బండితో.
అడుగున రాలిన ద్రాక్షలు నా గౌనులో పోసేవాడు."
యుద్ధం గురించి నేనడగలేదు.
ఆమె చెప్పలేదు.

న్యాయనిర్ణేత నాలుగు మార్కులు కోశాడు.
పుస్తకంలో రాసుకున్నాడు: తలుపు, అసంపూర్తి.

సాయంత్రం ఆమెని ఇంటి దగ్గర దించుతానన్నాను.
ముందు సీటు తుడిచి చూపిస్తే వద్దంది.
వెనక ఎక్కించమంది.
గాయపడ్డవాళ్ల బల్ల మీద ఒడిలో సంచీ పెట్టుకుని కూర్చుని,
"మెల్లగా పోనీ" అని అరిచింది,
"వెనక సరుకుంది."