నూటికి ఎనభై మూడు

కారు కొనేదానికి పోతే
ఎవరైనా రంగు చూస్తారు, టైర్లు తడుముతారు.
నేను డోరు తీసి ముందు ముక్కు పెడితి.
అగరబత్తి, సెంటు, సిగరెట్టు,
ఏ ఒక్క వాసనుండినా తిరిగి బస్సెక్కేదాన్నే.

"ఏం వెతుకుతాండావమ్మా?" అనింది పర్వీన్ మేడం.
"నా బిడ్డలకు పడదు మేడం."
"ఎంతమంది?"
"తూరికి లక్షా ఇరవై వేలు."
ఆమె నవ్వలేదు.
నేను తోడు తెచ్చుకున్న మెకానిక్ వన్నూర్‌సా నవ్వె.

మడకశిరలో చాకీ కేంద్రం మాది.
గుడ్డు పగిలినప్పటి నుంచి రెండో జ్వరం దాకా
పట్టుపురుగును మేం సాకుతాం.
ఆ జ్వరంలో ఉన్నప్పుడే, ఆకు ముట్టకుండ పండుకున్నప్పుడే,
రైతు షెడ్డుకు చేర్చాల.

ఎండకు అందరూ భయపడతారు.
మా పడమటి పల్లెల్లో పుష్యమాసం తెల్లారుజాము సంగతి
అనంతపురమోళ్లకు చెప్తే నమ్మరు.
పోయినేడు రొళ్ల మిట్ట మీద
టార్పాలు కట్టిన ఆటోలో ఒక బ్యాచ్చు బిగుసుకపోయె.
లేత ఆకు ఏసినాం, నోరు తెరవలేదు.
గుడిబండ తిమ్మక్క ట్రేలు చూసి ఏమీ అనలేదు.
దుడ్లు ఎనక్కి అడగలేదు.
అడిగింటే నిద్ర పట్టేది.

ఈ కారు ఐదేండ్లు మడికేరిలో తిరిగిందంట,
మేడం బ్యాంకు కొలువు ఆడ.
మంచులో, కాఫీ తోటల మలుపుల్లో, విడవని ముసురులో.
సీటును వెచ్చజేసే మీట గూడా ఉండాది.
"అనంతపురంలో ఇది దేనికి, బజ్జీలేసేదానికా?" అని వన్నూర్‌సా ఎగతాళి.
నొక్కితి.
రొంతసేపటికి వీపు కింద
బాలింత మంచం కింద కుంపటి పెట్టినట్టు.

ఫోను తగిలించి, గీతలూ అంకెలూ చదివి అతననె:
"బ్యాటరీ నూటికి ఎనభై మూడు.
కొత్తలో మూడు నూర్ల కిలోమీటర్లు పోయింటాది,
ఇప్పుడు రెండు నూర్ల నలభై అనుకో.
హీటరు పెడితే ఇంకా తింటాది.
చలికి దీనికీ నీరసమే అక్కా, మనిషి మాదిరే."

వేళ్ల మీద లెక్క గడితి.
అమరాపురం, ఆడి నుంచి రొళ్ల, గుడిబండ, తిరిగి ఇల్లు,
నూటిరవై దాటదు.
నాకూ నలభై ఏడు. ఎడమ మోకాలు మాట వినదు.
నూటికి ఎనభై మూడంటే
నన్ను కొలిచినా అంత రాదేమో.

ఐదున్నర అని ఆమె, నాలుగు తొంభై అని నేను.
టీ వచ్చె, చల్లారె.
"నిద్రలో ఉండంగా ఊరు మారుస్తారా వాటిని?" అని
ఉన్నట్టుండి అడిగె మేడం.
"అవును. లేచేసరికి కొత్త ఇల్లు, కొత్త ఆకు."
ఆమె తాళం చెవి బల్ల మీద తిప్పుతా కూచునె.
"నన్నట్ల ఎవరూ తీస్కపోలేదు," అనె,
"ఆరు బదిలీలూ మేలుకోనే."
ఐదూ పదికి ఇచ్చేసె.

మొదటి తూరి బయట పదకొండు, లోపల ఇరవై ఆరు.
ఎనక సీట్లు మడిచి నలభై ట్రేలు.
పొగ లేదు, చప్పుడు లేదు,
అద్దం మీద అంకె మాత్రం
నేను పోయిన దారికంటే బిరబిరా దిగుతాండె.
రెండు నూర్ల ముప్పై. నూట తొంభై. నూట అరవై.
నా సీటు కుంపటి ఆర్పేస్తి.
వణుకుతా నేను, వెచ్చగా అవి.

తిమ్మక్క శాలువా కప్పుకోని షెడ్డు కాడ నిలబడుండె.
కాగితం ఎత్తి, చెయ్యి ట్రే మీద ఆనీ ఆననట్టు పెట్టె.
శానాసేపు పెట్టె.
ఏమంటాదో అని నేను చెప్పుల కాడ నేల చూస్తి.

ఆమె లోపలికి పోయి
మోటారు ప్లగ్గు పీకేసి బయటికి తల పెట్టె.
"యాడ పెడతారో సూపీ," అనె,
"దానికీ రొంత మేత ఎయ్యి.
నువ్వు రాగి గంజి తాగు."